ఆదిజె లోయ సైకిల్ దారి: రెషెన్ కనుమ నుంచి వెరోనా దాకా

ఆదిజె లోయ సైకిల్ దారి ఉత్తర ఇటలీలో ఉంది. ఆస్ట్రియా సరిహద్దును ఆనుకున్న రెషెన్ కనుమ దగ్గర, సుమారు 1,500 మీటర్ల ఎత్తున మొదలై, ఆదిజె నది వెంబడి దిగుతూ, సముద్రమట్టానికి 59 మీటర్ల ఎత్తులో ఉన్న వెరోనా నగరానికి చేరుతుంది. పొడవు సుమారు 300 కిలోమీటర్లు. మధ్యలో మెరాన్, బోల్జానో, త్రెంతో, రొవెరెతో పట్టణాలు వస్తాయి. ఎక్కువ భాగం మోటారు వాహనాలు రాని ప్రత్యేక మార్గం. మిగిలినచోట తోటల మధ్య రైతుల దారులు, రద్దీ తక్కువగా ఉండే పల్లె రోడ్లు కలుస్తాయి.

ఆల్ప్స్‌లో సైకిల్ అనగానే చాలామందికి కనుమల నిట్టెక్కుళ్లు, పందేలు గుర్తొస్తాయి. సామాను సంచులు కట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని, నాలుగైదు రోజులు తీరుబడిగా తిరగాలనుకునేవాళ్లు మాత్రం నదిని నమ్ముకుంటారు. స్విట్జర్లాండ్‌లో రోన్ నది దారి, స్విట్జర్లాండ్ నుంచి జర్మనీ దాకా ఇన్ నది దారి, ఇటలీలో పుట్టి ఆస్ట్రియాలోకి సాగే ద్రావా నది దారి అలా పేరుపొందినవే. మంచు శిఖరాల నీడలో మొదలైన యాత్ర ద్రాక్షతోటల మీదుగా మైదానపు నగరంలో ముగియడం ఆదిజె దారి ప్రత్యేకత. నీటికీ మనిషికీ మధ్య రెండువేల ఏళ్లుగా సాగుతున్న వ్యవహారం ఈ దారి పొడవునా కనిపిస్తుంది. దాన్ని గమనిస్తూ తొక్కితేనే ఈ లోయ అర్థమవుతుంది.

నది, లోయ

ఆదిజె ఇటలీలో రెండో పొడవైన నది. పో నది తర్వాత స్థానం దీనిదే. పొడవు సుమారు 410 కిలోమీటర్లు. జర్మన్‌లో దీన్ని ఎట్ష్ అంటారు, లాటిన్‌లో అథెసిస్ అనేవారు. రెషెన్ కనుమ పక్కన ఒక ఊటగా పుట్టి, వెరోనా దాటాక తూర్పుకు తిరిగి ఆడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. ఆ కనుమే జలవిభాజకం. దానికి ఉత్తరాన కురిసిన వాన ఇన్ నదిలోకి, అక్కడినుంచి డాన్యూబ్ ద్వారా నల్లసముద్రానికి పోతుంది. దక్షిణాన కురిసింది ఆదిజెలో చేరుతుంది.

లోయను ఇంత వెడల్పుగా చెక్కింది హిమానీనదాలు. గత మంచుయుగంలో ఇక్కడ పేరుకున్న మంచు దక్షిణాన రివోలి దాకా జారింది. అది మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ అర్ధచంద్రాకారపు దిబ్బలుగా అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. మంచు తొలిచిన లోయకు గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉంటాయి. ఆ చదును అడుగే సైకిల్‌కు వరమైంది. బోల్జానో నుంచి త్రెంతో దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేల డెబ్బై మీటర్లు కూడా దిగదు.

ఎగువ లోయ పేరు ఫిన్ష్‌గావ్, ఇటాలియన్‌లో వాల్ వెనోస్తా. ఇక్కడ అడుగు అంత చదును కాదు. పక్క కొండల వాగులు వరదల్లో దొర్లించుకొచ్చిన రాళ్లు లోయలోకి విసనకర్రల్లా పరుచుకుని, నదిని ఒక వారకు నెట్టేశాయి. మాల్స్ దగ్గరి మేట, లాస్ దగ్గరి గాద్రియా వాగు మేట ఆల్ప్స్‌లోనే పెద్దవాటిలో చేరతాయి. సైకిల్ దారి ఈ మేటల అంచు పట్టుకుని పోతుంది. అందుకే ఫిన్ష్‌గావ్‌లో కాసేపు చదును, ఆ వెంటనే ఒక దిగుడు, మళ్లీ చదును, ఇలా మెట్లు మెట్లుగా యాత్ర సాగుతుంది.

దారికి ముందున్న దారులు

క్రీ.పూ. 15లో రోమన్ సేనాని ద్రూసస్ ఆల్ప్స్ తెగలను జయిస్తూ ఈ లోయ గుండా సైన్యాన్ని నడిపాడు. ఆయన కొడుకు క్లాడియస్ చక్రవర్తి అయ్యాక, క్రీ.శ. 46, 47 ప్రాంతంలో ఆ బాటను పక్కా రోడ్డుగా తీర్చిదిద్దాడు. అదే వియా క్లాడియా అగస్టా. మెరాన్‌కు పశ్చిమాన రాబ్లాండ్‌లో 1552లో దొరికిన మైలురాయి మీద ఈ సంగతి చెక్కి ఉంది. తన తండ్రి యుద్ధంతో తెరిచిన ఆల్ప్స్ దారిని పో నది నుంచి డాన్యూబ్ దాకా తాను నిర్మించానని చక్రవర్తి అందులో చెప్పుకున్నాడు. ఈనాటి సైకిల్ దారి పై భాగం ఆ రోమన్ రోడ్డు పేరు మీద సాగే అంతర్జాతీయ యాత్రా మార్గంలో భాగం.

దిగువన ఒకప్పుడు నదే రహదారి. బోల్జానోకు కాస్త దక్షిణాన ఉన్న బ్రాన్‌జోల్ రేవు నుంచి దుంగల తెప్పలు సరుకు వేసుకుని వెరోనాకు దిగేవి. 1859లో వెరోనా నుంచి బోల్జానోకు రైలు రాగానే ఆ వృత్తి అంతరించింది. 1867లో బ్రెన్నర్ కనుమ మీదుగా రైలు ఆస్ట్రియాకు కలిసింది. ఆ మార్గాన్ని తర్వాత సొరంగాల్లోకి మార్చినప్పుడు, ఆ కనుమ నుంచి దిగే ఐజాక్ లోయలో వదిలేసిన పాత పట్టాల చాలు ఇప్పుడు సైకిల్ దారి అయింది. ఉత్తరం నుంచి వచ్చే ఆ దారి బోల్జానోలో ఆదిజె దారితో కలుస్తుంది. నార్వే కొస నుంచి మాల్టా దాకా గీసిన యూరోవెలో 7 అనే సుదీర్ఘ సైకిల్ మార్గం ఇలాగే దిగి, బోల్జానో నుంచి వెరోనా దాకా ఆదిజె గట్టునే పట్టుకుంటుంది. దాన్ని సూర్య మార్గం అని కూడా అంటారు.

సైకిల్ మీద దేశం చూడాలనే కోరిక ఇటలీలో పాతదే. 1894లో మిలాన్‌లో కొందరు సైకిల్ ప్రియులు కలిసి స్థాపించిన టూరింగ్ క్లబ్ క్రమంగా ఆ దేశంలో పటాలు, యాత్రా గ్రంథాలు ప్రచురించే పెద్ద సంస్థగా ఎదిగింది.

మార్గ వివరణ

రెషెన్ నుంచి గ్లుర్న్స్: కనుమకు చేరడమే యాత్రలో కష్టమైన భాగం. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చేవాళ్లు ఇన్ నది ఒడ్డున ఉన్న మార్టీనా అనే స్విస్ గ్రామం నుంచి 11 మెలికల దారిలో నోర్బెర్ట్స్‌హ్యోహె ఎక్కి, నావుడర్స్ మీదుగా కనుమకు వస్తారు. ఎక్కలేనివాళ్లకు సైకిళ్లను మోసే బస్సులున్నాయి.

కనుమ దాటగానే రెషెన్ జలాశయం. నీటి మధ్య నుంచి ఒక రాతి గంటస్తంభం పైకి లేచి కనిపిస్తుంది. 14వ శతాబ్దపు ఆ స్తంభం గ్రావున్ గ్రామ చర్చిది. విద్యుత్తు కోసం ఇక్కడున్న రెండు సహజ సరస్సులను కలిపి 1950లో జలాశయం నింపినప్పుడు గ్రావున్ మొత్తం, రెషెన్ గ్రామంలో కొంత మునిగిపోయాయి. 163 ఇళ్లు, 523 హెక్టార్ల సాగుభూమి నీటిపాలయ్యాయి. ఊరివాళ్ల అభ్యంతరాలు వినేవారు లేకపోయారు. 2021లో మరమ్మతుల కోసం నీటిమట్టం తగ్గించినప్పుడు పాత ఇళ్ల పునాదులు, మెట్లు బయటపడ్డాయి. సరస్సు చుట్టూ సుమారు 15 కిలోమీటర్ల దారి ఉంది. పశ్చిమపు ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ సైకిల్ ఆపి ఆ స్తంభాన్ని చూడకుండా ముందుకు సాగడం ఎవరివల్లా కాదు. ఈ లోయలో నీరు ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ తొలి సాక్షి అదే.

సరస్సు తర్వాత సాంక్ట్ వాలెంటిన్ నుంచి గ్లుర్న్స్ దాకా సుమారు 15 కిలోమీటర్లలో 550 మీటర్లకు పైగా దిగాలి. మొత్తం యాత్రలో బ్రేకులకు అసలైన పరీక్ష ఇక్కడే. ఎదురుగా ఓర్ట్లర్ శిఖరం 3,905 మీటర్ల ఎత్తున మంచుతో మెరుస్తుంటుంది. కుడివైపు బుర్గైస్ గ్రామం పైన, 1,340 మీటర్ల ఎత్తున, తెల్లటి మరియెన్‌బెర్గ్ మఠం కొండను కరచుకుని ఉంటుంది. బెనెడిక్టైన్ మఠాల్లో ఐరోపాలోకెల్లా ఎత్తున ఉన్నది ఇదే. దాని నేలమాళిగలో 12వ శతాబ్దపు కుడ్యచిత్రాలు రంగు చెదరకుండా ఉన్నాయి.

గ్లుర్న్స్ జనాభా వెయ్యి లోపే. అయినా అది పట్టణమే, చుట్టూ కోటగోడ, మూడు ద్వారాలు ఉన్న పట్టణం. 1499లో దగ్గరలోని కాల్వెన్ వద్ద స్విస్‌ల మిత్రులైన గ్రౌబ్యుండెన్ సేనలు ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గుల సేనలను ఓడించి ఊరిని తగలబెట్టాయి. ఆ తర్వాత 16వ శతాబ్దంలో కట్టిన గోడే ఈనాటికీ నిలిచి ఉంది. సైకిల్ దారి ఆ కోట ద్వారం గుండానే లోపలికి వెళ్తుంది.

ఫిన్ష్‌గావ్: గ్లుర్న్స్ తర్వాత ప్రాడ్ వస్తుంది. కండబలం ఉన్నవాళ్లు ఇక్కడ దారి మార్చుకుని స్టెల్వియో కనుమ ఎక్కుతారు. 1820 నుంచి 1825 వరకు ఇంజనీరు కార్లో దొనెగాని పర్యవేక్షణలో కట్టిన ఆ రోడ్డు ఈ వైపు 48 మెలికలతో 2,757 మీటర్లకు చేరుతుంది. 1953లో ఇటలీ సైకిల్ పందెం జీరో దితాలియా తొలిసారి ఈ కనుమ ఎక్కినప్పుడు ఫౌస్తో కొప్పి ఇక్కడే అందరినీ వెనక్కి నెట్టాడు. లోయ దారి మాత్రం ఆ ఆరాటం లేకుండా నది ఒడ్డు చెట్ల నీడన ముందుకు సాగుతుంది.

లాస్ తెల్ల చలువరాతికి ప్రసిద్ధి. ఊరి కాలిబాటలు కూడా ఆ రాతివే. రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అమెరికా సైనికుల సమాధుల మీద శిలువలకు ఈ రాయి వాడారు. కొండమీది గని నుంచి బండలను దించడానికి 20వ శతాబ్దం తొలి భాగంలో వేసిన వాలు రైలుమార్గం ఇంకా కనిపిస్తుంది. ఆగస్టులో ఆప్రికాట్లు పండుతాయి. చలువరాయి, ఆప్రికాట్ రెండింటికీ కలిపి లాస్‌లో ఒక పండుగ చేస్తారు.

ష్లాండర్స్, కాస్టెల్‌బెల్ దాటాక ఎడమవైపు కొండమీద యువాల్ కోట. ఎనిమిదివేల మీటర్లు దాటిన 14 శిఖరాలనూ మొట్టమొదట ఎక్కిన పర్వతారోహకుడు రైన్‌హోల్డ్ మెస్నర్‌ది అది. కోట కింద విడివడే ష్నాల్స్ లోయ పై కొసన, 1991 సెప్టెంబరు 19న, 3,210 మీటర్ల ఎత్తున మంచులో ఒక మానవ దేహం బయటపడింది. సుమారు 5,300 ఏళ్ల కిందటి ఆ మనిషికి ఓట్సీ అని పేరుపెట్టారు. రాగి గొడ్డలితో, గడ్డి కుట్టిన చెప్పులతో ఈ కొండలు దాటిన అతని దేహం 1998 నుంచి బోల్జానో పురావస్తు మ్యూజియంలో ఉంది. రోమన్ల కన్నా మూడువేల ఏళ్ల ముందే ఈ దారుల్లో మనుషులు నడిచారని అతను రుజువు చేశాడు.

పార్చిన్స్‌లో 1822లో పుట్టిన వడ్రంగి పేటర్ మిటర్‌హోఫర్ 1864లో కర్రతో టైప్‌రైటర్ నమూనా చేశాడు. ఆయన పేరు మీద ఊళ్లో మ్యూజియం ఉంది. ఊరి కింద ట్యోల్ అనేచోట లోయ ఒక్కసారిగా సుమారు 200 మీటర్లు కిందికి పడుతుంది. సైకిల్ దారి ఇక్కడ మెలికలు తిరుగుతూ ఆల్గుండ్ తోటల్లోకి దిగుతుంది. దిగేకొద్దీ గాలి వేడెక్కుతుంది. ఎగువన దేవదారులు చూసిన కళ్లకు మెరాన్‌లో తాటిజాతి చెట్లు కనిపిస్తాయి.

మెరాన్ నుంచి త్రెంతో: మెరాన్ 19వ శతాబ్దపు ఆరోగ్య విడిది. 1870లో ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ ఇక్కడ బస చేశాక దానికి పేరొచ్చింది. అక్కడినుంచి బోల్జానో దాకా దారి నదికి కట్టిన కరకట్ట వెంట సాగుతుంది. ఇరుపక్కలా యాపిల్ తోటలే. టెర్లాన్ దగ్గర వసంతంలో తెల్ల ఆస్పరాగస్ దొరుకుతుంది. బోల్జానోలో ఐజాక్ నది వచ్చి కలిశాక ఆదిజె వెడల్పవుతుంది.

సలుర్న్ దగ్గర రెండువైపులా కొండలు దగ్గరకొచ్చి లోయ ఇరుకవుతుంది. జర్మన్ మాట్లాడే ప్రాంతానికీ ఇటాలియన్ ప్రాంతానికీ అది శతాబ్దాలుగా ఎల్ల. ఆ తర్వాత రోటలియానా మైదానం. తెరోల్దెగో అనే ముదురు ఎర్ర ద్రాక్షసారా అక్కడి సొంతం. సాన్ మికెలెలో 1874లో నెలకొల్పిన వ్యవసాయ విద్యాసంస్థ నేటికీ ఈ లోయ ద్రాక్ష, పండ్ల సాగుకు చదువు నేర్పుతోంది. త్రెంతోలో 1545 నుంచి 1563 వరకు క్యాథలిక్ మతమహాసభ జరిగింది. వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించిన మూజె ప్రకృతి విజ్ఞాన మ్యూజియం 2013లో ఇక్కడ తెరుచుకుంది.

రొవెరెతో నుంచి వెరోనా: మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన దేశాల ఫిరంగుల కంచుతో 1924లో తొలిసారి పోతపోసిన గంట రొవెరెతో పైన కొండమీద ఉంది. యుద్ధ మృతుల స్మృతిలో ఆ గంట ప్రతి సాయంత్రం నూరుసార్లు మోగుతుంది. పట్టణానికి దక్షిణాన, మార్కో వద్ద, కొండ విరిగిపడి పరుచుకున్న బండరాళ్ల ప్రాంతం ఉంది. ఇటాలియన్ మహాకవి దాంతే తన నరకవర్ణనలో ప్రస్తావించిన కొండచరియ ఇదేనని పండితుల మాట. ఆ రాతిపలకల మీద డైనోసార్ల అడుగుజాడలు కూడా ఉన్నాయి.

మోరి దగ్గర పడమటికి తిరిగితే తక్కువ ఎత్తున్న సాన్ జొవాన్ని కనుమ మీదుగా గార్దా సరస్సుకు దిగొచ్చు. చాలామంది యాత్రికులు ఆ నీలినీటిని చూసి యాత్రను అక్కడే ముగిస్తారు. నేరుగా వెళ్లేవాళ్లకు ఆవియో కోట, బోర్గెత్తో గ్రామం, ఆ తర్వాత చెరాయినో ఇరుకు వస్తాయి. ఆ ఇరుకు పైన ఉన్న రివోలిలోనే 1797 జనవరిలో నెపోలియన్ ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించాడు. అక్కడినుంచి బిఫిస్ విద్యుత్ కాలువ గట్టు మీద దారి చదునుగా సాగి వెరోనా చేరుతుంది. ఊరికి చుట్టూ వంపు తిరిగిన ఆదిజె, క్రీ.శ. 1వ శతాబ్దపు రంగస్థలం, కాస్తెల్‌వెక్యో ఎర్రఇటుకల వంతెన యాత్రకు చివరి మజిలీలు. వెరోనా నగరం 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

కాలువలు, తోటలు

ఎత్తైన కొండలు అన్నివైపులా మేఘాలను అడ్డుకోవడంతో ఫిన్ష్‌గావ్ వానచాటు లోయ అయింది. మధ్యభాగంలో ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఎండకు ఎదురుగా ఉన్న ఉత్తరపు వాలు గడ్డి తప్ప మొలవని మెట్టనేల, నీడన ఉన్న దక్షిణపు వాలు దట్టమైన అడవి. సైకిల్ మీద వెళ్తూ తల అటూ ఇటూ తిప్పితే చాలు, ఈ తేడా కళ్లకు కడుతుంది.

వాన చాలని చోట రైతులు మంచునీటిని తెచ్చుకున్నారు. హిమానీనదాల కింద పుట్టే వాగుల నుంచి కొండ పక్కగా, అతి తక్కువ వాలుతో, కిలోమీటర్ల దూరం తవ్విన పంటకాలువలను ఇక్కడ వాల్ అంటారు. మధ్యయుగం నుంచీ ఇవి ఉన్నాయి. రాతిగోడ అడ్డొచ్చిన చోట తొలిచిన దుంగలను గొట్టాల్లా వేలాడదీసి నీరు దాటించారు. కాలువను కాపాడే నీరటిని వాలర్ అంటారు. ఎవరి పొలానికి ఏ వేళ, ఎంతసేపు నీరు అన్నది వంతుల లెక్క. కాలువలో ఒక చిన్న నీటిచక్రం తిరుగుతూ సుత్తితో గంట కొడుతుండేది. ఆ చప్పుడు ఆగిందంటే నీరు ఎక్కడో తెగిందనో, ఏదో అడ్డుపడిందనో వాలర్‌కు తెలిసిపోయేది. నేడు చాలా తోటలకు గొట్టాల ద్వారా నీరు అందుతున్నా, కొన్ని కాలువలు ఇంకా పారుతున్నాయి. వాటి గట్టు మీది కాలిబాటలు నడకకే ప్రత్యేకం. సైకిల్ దిగి వెళ్లాలి.

ఫిన్ష్‌గావ్ ఒకప్పుడు టిరోల్ ప్రాంతపు ధాన్యాగారం. రై ధాన్యంతో చేసే జంట రొట్టెలు ఆ కాలపు గుర్తుగా ఇంకా బేకరీల్లో దొరుకుతాయి. ఇప్పుడు లోయంతా యాపిలే. ఐరోపా యూనియన్‌లో పండే యాపిళ్లలో దాదాపు పదోవంతు బోల్జానో రాష్ట్రం నుంచే వస్తుంది. ఏప్రిల్‌లో పూత వేళ రాత్రి మంచు కురిసే ప్రమాదం ఉంటే రైతులు చెట్ల మీద నీళ్లు చిమ్ముతారు. ఒక కిలో నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 80 కిలోక్యాలరీల వేడి విడుదలవుతుంది. గడ్డకట్టడం సాగుతున్నంతసేపూ పువ్వు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలబడి, పూత బతుకుతుంది. ఆ మర్నాడు తెల్లవారే బయల్దేరిన సైకిల్ యాత్రికుడికి, ప్రతి కొమ్మా అద్దపు తొడుగు వేసుకుని ఎండలో మెరిసే తోటల గుండా వెళ్లే భాగ్యం దక్కుతుంది.

గాలి తీరు

ఈ దారిలో ఎక్కుళ్ల కన్నా గాలే పెద్ద ప్రత్యర్థి. పగలు ఎండకు కొండవాలులు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి మైదానం నుంచి గాలి లోయలోకి ఎగబాకుతుంది. రాత్రి చల్లబడ్డ గాలి బరువెక్కి లోయ వెంట కిందికి జారుతుంది. అందువల్ల దిగువకు వెళ్లేవాళ్లకు ఉదయం గాలి తోడు, మధ్యాహ్నం ఎదురు. గార్దా సరస్సు మీద మధ్యాహ్నం లేచే ఓరా అనే గాలి కొండల సందుల్లోంచి త్రెంతో దాకా వీస్తుంది. ఫిన్ష్‌గావ్ ఎగువన మాత్రం రెషెన్ కనుమ మీదుగా ఉత్తరపు గాలి బలంగా దిగుతుంటుంది. దిగేవాడి వీపు తట్టే ఆ గాలే ఎక్కేవాడిని నిలబెట్టేస్తుంది. తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నానికి మజిలీ చేరడం ఇక్కడి అనుభవజ్ఞుల పద్ధతి.

వరదలు, కరకట్టలు

సైకిల్ సాఫీగా సాగే కరకట్ట సరదాకు కట్టింది కాదు. 19వ శతాబ్దం దాకా మెరాన్ నుంచి దిగువన లోయ అడుగు చాలావరకు చిత్తడినేల. నది మెలికలు తిరుగుతూ ఏటికేడు దారి మార్చుకునేది. మలేరియా భయంతో జనం కొండ పక్క మేటల మీద ఊళ్లు కట్టుకున్నారు. పాత ఊళ్లు నేటికీ నదికి దూరంగా, కాస్త ఎత్తున కనిపించడానికి కారణం ఇదే. ఆస్ట్రియా పాలనలో నదిని తిన్నగా చేసి, గట్లు పోసి, చిత్తడిని ఎండబెట్టారు. యాపిల్ తోటలకు నేల అలా దక్కింది. త్రెంతోలో 1850లలో రైలుమార్గం కోసం నది వంపునే పడమటికి జరిపారు. ఒకప్పుడు ఏటి ఒడ్డున ఉన్న టొర్రె వెర్దె బురుజు ఇప్పుడు ఊరి మధ్య వీధిలో నిలబడి ఉంది.

నది అప్పుడప్పుడు తన పాత దారిని గుర్తుచేసుకుంటుంది. 1882 సెప్టెంబరు వరద వెరోనాను ముంచెత్తింది. ఆ తర్వాతే నగరంలో నదికి ఇరువైపులా ఎత్తైన రాతిగోడలు లేచాయి. 1966 నవంబరు 4న త్రెంతో వీధులు నీట మునిగాయి. ఇలాంటి వేళ వరదనీటిని గార్దా సరస్సులోకి మళ్లించడానికి మోరి నుంచి తోర్బోలె దాకా సుమారు 10 కిలోమీటర్ల సొరంగం ఉంది. 1939లో మొదలైన ఆ పని యుద్ధం వల్ల ఆగి, 1959లో పూర్తయింది. 2018 అక్టోబరు చివరి తుపానులో దాని తలుపులు తెరిచారు.

రెండు భాషల నేల

బోల్జానో రాష్ట్రం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాది. 1919లో కుదిరిన సాన్ జెర్మేన్ ఒప్పందంతో ఇటలీకి దక్కింది. ఫాసిస్టు పాలనలో జర్మన్ బడులు మూతపడ్డాయి, ఊళ్లకు ఇటాలియన్ పేర్లు పెట్టారు. 1939లో జనాన్ని జర్మనీకి వెళ్తారా, ఇటాలియన్లుగా ఇక్కడే ఉంటారా తేల్చుకోమన్నారు. 1946 ఒప్పందం, 1972 స్వయంపాలన శాసనం తర్వాత రెండు భాషలకూ సమాన హోదా దక్కింది. అందుకే సైకిల్ దారి పలకల మీద ప్రతి ఊరికీ రెండేసి పేర్లు ఉంటాయి: మాల్స్ అంటే మల్లెస్, గ్లుర్న్స్ అంటే గ్లొరెంజా, ష్లాండర్స్ అంటే సిలాంద్రో, బోట్సెన్ అంటే బోల్జానో. యాత్రికుడు పటంలో ఒక పేరు, రైలు స్టేషన్‌లో మరో పేరు చూసి తికమకపడకుండా రెండూ రాసి ఉంచుకోవడం మంచిది. ఆ జంట పేర్ల వెనక ఎన్ని కుటుంబాల వేదన ఉందో తెలిస్తే పలకను చూసే చూపు మారుతుంది.

యాత్ర ఏర్పాట్లు

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. ఏప్రిల్‌లో యాపిల్ పూత, సెప్టెంబరులో కోత. కనుమ వద్ద వసంతం ఆలస్యంగా వస్తుంది. జులై, ఆగస్టుల్లో బోల్జానో దిగువన ఎండ తీవ్రం. రోజుకు 50, 60 కిలోమీటర్ల చొప్పున ఐదారు రోజులు చాలు. మ్యూజియాలు, కోటలు చూడదలిస్తే వారం కావాలి.

మామూలు టూరింగ్ సైకిల్ సరిపోతుంది. బ్రేకులు మాత్రం బాగుండాలి. పొడవైన దిగుడులో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాసేపు నొక్కి, కాసేపు వదులుతూ దిగాలి. ఇటలీ చట్టం ప్రకారం రాత్రివేళ ఊళ్ల బయట, సొరంగాల్లో మెరిసే జాకెట్ వేసుకోవాలి. కోతల కాలంలో ట్రాక్టర్లకు దారి ఇవ్వడం మర్యాద, భద్రత కూడా. ఊరూరా రాతి తొట్లలోకి పారే తాగునీటి ధారలున్నాయి కాబట్టి సీసాలు నింపుకోవచ్చు. అత్యవసర సాయానికి 112 నంబరు.

అలసిన కాళ్లకు రైలు ఆసరా. మెరాన్ నుంచి మాల్స్ దాకా 60 కిలోమీటర్ల ఫిన్ష్‌గావ్ రైలు 1906లో మొదలైంది. రోడ్ల పోటీతో మూతపడ్డ ఆ మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం బాగుచేయించి 2005లో తిరిగి నడిపించింది. మాల్స్‌లో సైకిల్ అద్దెకు తీసుకుని, దిగుతూ తొక్కి, కింది స్టేషన్‌లో అప్పగించే వీలుంది. పిల్లలకూ పెద్దవయసు వారికీ ఈ లోయ అందుబాటులోకి రావడానికి ఈ రైలు ప్రధాన కారణం. త్రెంతో రాష్ట్రంలో దారి పక్కన బీచిగ్రిల్ అనే విశ్రాంతి శాలలుంటాయి. అక్కడ కాఫీ, భోజనంతో పాటు చక్రాలకు గాలి, చిన్న మరమ్మతులకు పనిముట్లు దొరుకుతాయి.

ఇప్పటి సవాళ్లు

తోటలకూ దారికీ మధ్య దూరం ఒక చేయి చాపినంతే. అందుకే పురుగుమందుల ప్రశ్న యాత్రికులకూ ఊరివాళ్లకూ ఒకటే. 2014లో మాల్స్ ప్రజలు తమ పరిధిలో రసాయన పురుగుమందులు వద్దని ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో పెద్ద మెజారిటీతో తేల్చారు. ఆ నిర్ణయం తర్వాత కోర్టుల్లో నిలవలేదు. అయినా ఐరోపా అంతటా చర్చకు అది దారితీసింది.

మరో సవాలు నీటిదే. మంచు కరిగే మే, జూన్ నెలల్లో ఆదిజె నిండుగా పారుతుంది. ఓర్ట్లర్ చుట్టుపక్కల హిమానీనదాలు తరిగిపోతుండటంతో ఎండాకాలం చివరి నీటికి భరోసా తగ్గుతోంది. 2022 కరువులో ఉత్తర ఇటలీ నదులు చిక్కిపోయి, ఆదిజె ముఖద్వారంలో సముద్రపు ఉప్పునీరు ఎదురెక్కింది. ఎగువన విద్యుత్తుకు, నడుమ తోటలకు, దిగువన పంటలకు, తాగునీటికి అదే నీరు కావాలి. వంతులు కట్టుకుని నీరు పంచుకున్న పాత వాల్ కాలువల క్రమశిక్షణ ఇప్పుడు మొత్తం నదికి అవసరమైంది.

రెషెన్‌లో మునిగిన స్తంభం దగ్గర బయల్దేరినవాడు వెరోనాలో 1882 తర్వాత లేచిన గోడల దగ్గర ఆగుతాడు. ఒకచోట మనిషి నీటిని ఊరి మీదికి తెచ్చాడు, ఇంకోచోట నీటి నుంచి ఊరిని కాచుకున్నాడు. ఆ రెండింటి నడుమ ఉన్న కాలువలు, కరకట్టలు, సొరంగం, తోటలు అన్నీ ఒకే కథ. కారులోనో రైల్లోనో వెళ్లేవారికి అది కిటికీ అవతలే జరిగిపోతుంది. సైకిల్ వేగం మాత్రం కాలువ చప్పుడు వినడానికీ, గట్టు ఎత్తు గమనించడానికీ, ఊటగా బయల్దేరిన నీరు ఏరై వెడల్పయ్యేదాకా పక్కనే ఉండి చూడటానికీ సరిగ్గా సరిపోతుంది.